సెంటర్లో అమ్మ

ఊరికే ఇస్తామని వచ్చేవాళ్ళని నేను నమ్మను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు, నేర్పితే వచ్చింది. నా పెళ్ళైన కొత్తలో మా ఊరికి ఇస్త్రీ చొక్కా మనిషొకడు వచ్చి, గ్యాస్ పొయ్యిలిస్తామని నమ్మబలికి, ఆడవాళ్ళందరి చేతా తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకుపోయాడు. పొయ్యిలూ రాలేదు, ఆ మనిషీ రాలేదు. ఆ కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయోనని ఇప్పటికీ ఒక్కోసారి గుబులు పుడుతుంది.

అందుకే కుట్టు సెంటర్ మేడమ్ మల్కాపురంలో, పోర్టు పక్కన మా అద్దెగది ముందు చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగినప్పుడు నేను చూసింది ఆవిడ మొహం కాదు. చేతిలో ఇంకుప్యాడ్ ఉందా లేదా అని. ఇంకుప్యాడ్ లేదు, నోట్‌బుక్కు ఉంది. అది ఇంకా ప్రమాదం అనిపించింది.

మాది పరవాడ దగ్గర పల్లె. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక పొలాలున్నవాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. మాకు పొలం లేదు, పొలంలో పని మాత్రమే ఉండేది. దానికి ధర కట్టడానికి ఎవడూ రాలేదు. మా ఆయనా, మరిదీ పోర్టులో కాంట్రాక్టు కూలికి కుదిరారు. నేనూ మా తోటికోడలూ మల్కాపురంలో కాపురముంటూనే, మిగిలిన మళ్ళలో పని పడ్డప్పుడల్లా పొద్దున్నే ఆటో ఎక్కి పాత జట్టుతో కలిసేవాళ్ళం.

మేడమ్ చెప్పింది విన్నాను. మాలాంటి వ్యవసాయ కూలీల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళకి మూడు నెలలు కరెంటు మిషన్ మీద కుట్టు నేర్పుతారట. పోర్టులో, ఫ్యాక్టరీల్లో కూలీలు వేసుకునే మెరిసే పట్టీల జాకెట్లు కుట్టాలి. నేర్చుకున్నాక వాళ్ళే ఎక్కడో పనిలో పెడతారు. మేడమీద తల్లి నేర్చుకుంటుంటే, కింద గదిలో పిల్లని చూసుకుంటారు. అన్నం, గుడ్డు, పాలు, ఒంట్లో బాగోకపోతే డాక్టరు. తల్లి రోజూ వస్తేనే పిల్లకి చోటు.

"ఇదంతా ఎవులిత్తన్నారు?" అన్నాను.

"దాతలుంటారమ్మా."

"ఆలకేటొత్తాది?"

ఆవిడ నవ్వి నోట్‌బుక్కు తెరిచింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్నిపూటలు వండుతారు, పిల్లకి ఎన్నేళ్ళు, మీ ఆయన తాగుతాడా. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఒకటే ఆరా. "ఆయన ముట్టడు మేడమ్" అన్నాను. మా ఆయన అప్పుడు ఆదివారం మందు కొట్టి అదే గదిలో మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆవిడ మంచం వైపు ఒకసారి చూసి ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో చూద్దామని మెడ సాచాను. ఇల్లు బాగాలేదని రాసి, పిల్లల్ని తీసుకుపోయేవాళ్ళు కూడా ఉంటారని ఎక్కడో విన్నాను.

వద్దని తలుపేసేదాన్నే. కానీ అంతకుముందు ఏడు వరినాట్లప్పుడు, గట్టు మీద చీర పరిచి కూర్చోబెట్టిన మా గుంట, నా ఆడపిల్ల, ఆడుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. జట్టులో ఒకావిడ నడుం నొప్పికి లేచి నిలబడి చూసింది కాబట్టి బతికింది. నేను చూడలేదు. వంగి నారు నాటుతున్నాను. ఆ నీళ్ళు మింగిన మొహం గుర్తొస్తే నాకిప్పటికీ ముద్ద దిగదు. మళ్ళీ దాన్ని గట్టు మీద కూర్చోబెట్టలేను, తోటికోడలూ నేనూ ఇద్దరం కూలికి వెళ్తే గానీ గడవదు కాబట్టి ఇంట్లో చూసే దిక్కు లేదు. ఆ కింద గదిలో చోటు కోసం ఎవరికైనా తలొంచుతాననుకున్నాను. నా ఆధార్ జిరాక్సు ఇచ్చి పేరు రాయించాను.

సెంటర్ మొదలయ్యే వారంలోనే వానలు పడ్డాయి. ఉభాలకి, అంటే వరినాట్లకి, మా జట్టుని నడిపే మేస్త్రమ్మ నుంచి ఫోనొచ్చింది.

మా జట్టులో ఒక పద్ధతుంది. నాట్లకి పిలుపొస్తే ఇంటి నుంచి ఒక చెయ్యి వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే ఆ ఏడంతా కలుపుకీ కోతకీ ఆ ఇంటిని పిలవరు. కానీ ఏ చెయ్యి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. నాకు జ్వరమైతే తోటికోడలు, ఆమె పుట్టింటికెళ్తే నేను. వచ్చినామెని వాళ్ళింటి మనిషి అనే పిలుస్తారు. అందులో దొంగతనం ఉందని మాకు కలలో కూడా తోచదు.

తోటికోడల్ని నాట్లకి పంపి నేను సెంటర్‌కి వెళ్ళొచ్చు కదా? ఆ మాట నన్ను నేను చాలాసార్లు అడిగాను. వెళ్ళలేదు. నాట్లలో నా చెయ్యి జోరుగా ఆడుతుందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి అది కాదు. ముందు ఆమెని పంపి, వాళ్ళెలాంటి వాళ్ళో చూడాలనుకున్నాను. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టాల్సొస్తే నా చెయ్యి అందులో ఉండకూడదు. ఆధార్ ఫొటో గురించి భయం లేదు. అందులో ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు. ఇల్లిల్లూ తిరిగే మేడమ్‌కి ఒక్కసారి చూసిన నా మొహం గుర్తుండదనుకున్నాను.

"నా పేరు పిలిస్తే పలుకు. గంటకోసారి కిందకెల్లి గుంటని సూసుకో" అని తోటికోడలికి చెప్పాను. పెళ్ళై ఏడాదిన్నరైన పిల్ల, నా మాటకి ఎదురు చెప్పదు.

"అలగే అక్కా" అంది.

తర్వాత గుంటని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. దానికప్పటికి నాలుగు నిండలేదు. "సెంటర్లో పిన్నిని అమ్మా అని పిలవాల. ఇంటికొచ్చినాక పిన్నే. నా గురించి ఎవులైనా అడిగితే మా పిన్ని అని సెప్పాల. నేకపోతే నిన్ను మల్లీ కాలవ గట్టు మీద కూకోబెట్టాల్సొత్తాది."

మూడుసార్లు చెప్పించాను. మూడోసారికి తడుముకోకుండా అప్పజెప్పింది. మా గుంట ఎంత చురుకో అని నాకు గర్వమేసింది కూడా.

పది రోజులు అలా నడిచింది. పగలంతా మోకాలి లోతు బురదలో వంగి ఉండేదాన్ని, ఆలోచన మాత్రం మల్కాపురంలో ఉండేది. సాయంత్రం రాగానే తోటికోడల్ని కూర్చోబెట్టి కూపీ లాగేదాన్ని.

"ఏటి పెట్టినారు?"

"అన్నం, పప్పు, గుడ్డు."

"గుడ్డు సగవా, మొత్తవా?"

"మొత్తవే అక్కా."

"మొత్తం ఎందుకు పెడతన్నారే?"

ఫొటో తీశారంటే ఎందుకు తీశారని, తీయలేదంటే ఎందుకు తీయలేదని అడిగేదాన్ని. పిల్లల బరువు తూచారని చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన పిల్లల బరువుతో వాళ్ళకేం పని?

కొన్నాళ్ళకి నా అనుమానం సెంటర్ దాటి ఇంట్లోకొచ్చింది. తోటికోడలు మిషన్ గురించి చెప్పేటప్పుడు ఆమె కళ్ళల్లో వెలుగు చూశాను. పట్టీ వంకర లేకుండా కుట్టానని మేడమ్ మెచ్చుకుందట. మెచ్చుకున్నది నా పేరు పెట్టి. ఈ పిల్ల ఆ సీటు తిరిగిస్తుందా? గుంట కూడా ఆమె పక్కనే పడుకుంటానని మారాం చేసేది. ఒకరోజు ఇంట్లోనే ఆమెని "అమ్మా" అని పిలిచి, నాలిక కరుచుకుని, నావైపు చూసి "పిన్నీ" అని దిద్దుకుంది. తోటికోడలు నవ్వింది. నేను నవ్వలేదు. ఎవరికీ కనపడకుండా గిన్నెలు గట్టిగా తోమాను.

పదోరోజు మధ్యాహ్నానికే ఆఖరి మడి అయిపోయింది. బురద చీరతోనే ఆటో దిగి నేరుగా సెంటర్‌కి వెళ్ళాను. చెప్పకుండా వెళ్తేనే నిజం తెలుస్తుందని నా లెక్క.

కింద గదికి ఇనప గ్రిల్లు, లోపల తాళం. గుంట చాప మీద కూర్చుని రంగు డబ్బాలు పేరుస్తోంది. తల నున్నగా దువ్వి రిబ్బన్ కట్టారు. గ్రిల్లు దగ్గర ఒక ఆయా కూర్చుని ఉంది.

"తలుపు తియ్యండి. గుంటని తీసుకెల్తాను."

"నువ్వెవులమ్మా?"

పిన్నినని చెప్పాలి. అదే కదా నేను కట్టిన కథ. కానీ నోరు దాని మానాన అది పలికింది. "దాని తల్లిని."

ఆయా నన్ను కింద నుంచి మీదికి చూసింది. కాళ్ళకి బురద, చెదిరిన జుట్టు. "దాని తల్లి మేడమీద మిషన్ కుడతంది" అని, వెనక్కి తిరిగి, "ఏటే, ఈవిడెవులు?" అని గుంటని అడిగింది.

గుంట లేచి గ్రిల్లు దాకా వచ్చింది. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

"మా పిన్ని."

"ఓసే, నానే! అమ్మనే!" అని గ్రిల్లు పట్టుకు ఊపాను. గుంట బెదరలేదు. నేను పరీక్ష పెడుతున్నాననుకుంది. "పిన్ని" అని మళ్ళీ అంది, ఇంకా గట్టిగా.

ఆయా దాన్ని తన వెనక్కి లాక్కుని, "తల్లొచ్చి సంతకం పెడితే గానీ పిల్లనివ్వం, ఎల్లు ఎల్లు" అని, తల్లిని రమ్మని పైకి కేకేసింది. పిల్లని ఎత్తుకుపోయేవాళ్ళేమోనని నేను పది రోజులు ఎవరిమీద కాపలా పెట్టానో, వాళ్ళు నా పిల్లని నా నుంచి కాపాడుతున్నారు.

తోటికోడలూ, మేడమూ మెట్లు దిగి వచ్చారు. తోటికోడలు నన్ను చూసి పాలిపోయింది గానీ, వెంటనే తేరుకుంది. "మా అక్కేనండీ. నాను సంతకం పెడతాను, పంపేయండి" అంది. ఆయా వెంటనే రిజిస్టరు ఇచ్చింది. తాళం తీసింది. ఆమె ఒక్క మాటకి తీసింది.

నోరు మూసుకుంటే అయిపోయేది. గుంట చేతికొచ్చేది, సీటూ ఉండేది. నిజం చెబితే సీటు పోయి, గుంట మళ్ళీ గట్టు మీదికి వస్తుంది. అదంతా నాకు తెలుస్తూనే ఉంది. కానీ తల్లి అని ఉన్న గడిలో ఆమె నా పేరు రాస్తుంటే నా ఒళ్ళు మండిపోయింది.

"దాని తల్లిని నానే! ఆ పేరు నాది, గుంట నాది!"

తోటికోడలు కలం వదిలేసి ఏడ్చేసింది. మేడమ్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్ళూ నేను ఆవిడని చూసిన చూపుతోనే ఆవిడ నన్ను చూసింది. అది నా మీద పడ్డాక తెలిసింది ఎంత చల్లగా ఉంటుందో.

జట్టు పద్ధతంతా చెప్పాను. ఇంటి నుంచి ఎవరొచ్చినా ఒకటే కదా అన్నాను. ఆవిడ అంతా విని, "కూలికి మీ పద్ధతి సరేనమ్మా. పిల్లని మాత్రం మేం ఒక ఇంటికి అప్పగించం, ఒక మనిషికి అప్పగిస్తాం. రేపు ఇంకెవరో వచ్చి నేనే తల్లినంటే మీకెలా ఉంటుంది?" అంది.

సాయంత్రం ఆవిడ మా గదికొచ్చింది. పిల్ల పుట్టినప్పటి ఆస్పత్రి కార్డు చూసింది, ఇంటి ఓనరమ్మని అడిగింది, పక్కవాళ్ళని అడిగింది. సోమవారం నుంచి నేనే రావాలని, మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలని, తోటికోడలికి తర్వాతి బ్యాచ్‌లో తన పేరు మీదే సీటిస్తామని, పిల్ల చోటు పోదని చెప్పింది. ఇంత తేలిగ్గా వదిలేశారంటే ఏదో మతలబు ఉండాలని నాకు వెంటనే తోచింది. వెళ్ళాను, నేర్చుకున్నాను, ఇప్పుడు మేమిద్దరం ఒకే షెడ్డులో జాకెట్లకి పట్టీలు కుడుతున్నాం. మతలబు ఇంకా బయటపడలేదు. చూస్తున్నాను.

ఆ సాయంత్రం మేడమ్ వెళ్ళాక గుంటని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. "ఇంక ఇంట్లోనైనా, సెంటర్లోనైనా, ఎక్కడైనా సరే నానే మీ అమ్మని. పిన్ని పిన్నే. తెలిసిందా?"

తలూపింది. నా మాటల్ని పెదాల మీద మెల్లగా రెండుసార్లు పలుకుకుంది. ఒక్క తప్పు లేదు. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగింది.

"ఇది ఎవులికి సెప్పాల?"