దొర కూర్చోని కుర్చీ

నా చిన్నప్పుడు సూళగిరిలో మా చిన్నాయన చేయి తగిలిన వస్తువు ఏదైనా సరే, తెల్లారేసరికి ఏదో ఒక రాజవంశానికి చెందిపోయేది. ముందు రోజు సాయంత్రం ఎవరి ఇంటి అటక మీద నుంచో దింపి సైకిలుకు కట్టుకొచ్చిన ఇత్తడి చెంబు, మర్నాడు మా పంచలోకి వచ్చేటప్పటికి పాళెగాడు యుద్ధానికి పోతూ నీళ్ళు తాగిన చెంబు అయ్యేది. వడ్లు కొలిచే మానిక రాణిగారు ముత్యాలు కొలిచిన మానిక అయ్యేది. ఒకసారి మా అవ్వ రోజూ పప్పు రుబ్బే రోలుకి కూడా ఆయన వంశవృక్షం చెప్పబోయాడు. అవ్వ పొత్రం చేతపట్టుకుని వీధి చివరిదాకా తరిమింది.

పాత సామాన్లు కొని అమ్మడం ఆయన పని. పాతవి వదిలించుకుని కొత్తవి కొనుక్కోవాలని మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కొత్తవి విసుగొచ్చి పాతవి కొనుక్కోవాలని బెంగళూరువాళ్ళు తహతహలాడుతున్న రోజులవి. ఆ ఇద్దరి నడుమ మా చిన్నాయన సైకిలు తిరిగేది. గురుబరపల్లి దాకా పోయి దీపపు సెమ్మెలు, చెక్క పెట్టెలు, ఆగిపోయిన గడియారాలు తెచ్చేవాడు. ఆదివారం వస్తే హైవే మీద పోయే కార్లలో ఒకటో రెండో మా ఇంటి ముందు ఆగేవి. హోసూరు బస్టాండు దగ్గర సొంతంగా ఒక కొట్టు పెట్టుకోవాలని ఆయన కోరిక. దానికి ఒక పెద్ద బేరం తగలాలని కాచుకుని ఉండేవాడు.

చింతపండుతో ఇత్తడి తోమే పని నాది. అబద్ధాలు చెప్పే పని ఆయనది. ఇద్దరం పక్కపక్కనే ఉండడంలో ఒక ఇబ్బంది వచ్చింది. ఒకసారి ఆయన ఒక హారతి పళ్ళేన్ని కోటలో దొరికిందని చెబుతుంటే, నేను తోముతూనే, "ఇది పక్కింటి అక్కది కదా చిన్నాయనా" అనేశాను. అప్పటి నుంచి కారు ఆగిన చప్పుడు వినిపించగానే నా నోట్లో ఒక వేరుశనగ ఉండ పెట్టేవాడు. బెల్లం పాకం ముదిరి రాయిలా ఉండేది. అది కరిగేలోపు బేరం ముగిసిపోవాలని ఆయన లెక్క.

మా ఊళ్ళో ఒక తాత ఉండేవాడు. బజారువీధిలో ఒకే ఒక్క గదిలో సెలూన్ నడిపేవాడు కాబట్టి అందరం సెలూన్ తాత అనేవాళ్ళం. కళ్ళు మసకబారి, ఒక పెద్దమనిషి మీసాన్ని ఒకవైపు మరీ కురచ చేసిన మర్నాడే, ఎవరూ చెప్పకుండా తనంతట తానే తలుపుకు తాళం వేసేశాడు. ఆ గదిలోని కుర్చీని చిన్నాయన అడిగి తెచ్చుకున్నాడు. "ఎవరికన్నా మంచోళ్ళకి ఇవ్వప్పా" అన్నాడట తాత. పెద్ద టేకు కుర్చీ. వెనకాల తల ఆనించుకోవడానికి పైకీ కిందికీ జరిగే చిన్న చెక్క, కింద పాదాలు పెట్టుకునే ఇనుప పలక. తాత రెండు మూడు రోజులకొకసారి వచ్చి, కుర్చీ చేతిని ఒకసారి తడిమి, పక్కన తిన్నె మీద కూర్చుని అవ్వ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేవాడు. కుర్చీలో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఆయన దాని వెనక నిలబడే మనిషి.

ఆ ఆదివారం తాత కల్లావిలో కూతురి ఇంటికి పోయి ఉన్నాడు. అందువల్ల చిన్నాయనకు ధైర్యం ఎక్కువైంది. కుర్చీకి వార్నీషు వేసి, పంచ మధ్యలో పెట్టి, పక్కన ఒక దీపపు సెమ్మె నిలబెట్టాడు. పదకొండు కాకముందే ఒక తెల్ల కారు ఆగింది. బెంగళూరు సారు, ఆయన భార్య దిగారు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాళ్ళు. నా నోట్లోకి ఉండ వచ్చింది.

సారు నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన వెన్ను నిటారయింది, గడ్డం పైకి లేచింది. చిన్నాయనకు అంతకన్నా ఏం కావాలి.

"సరిగ్గా అట్లే కూర్చోనుండె సార్, దొర. తెల్లదొర. వేటకు పోయి వచ్చి, గుర్రం దిగి, బూట్ల కాళ్ళు ఈ పలక మీద పెట్టుకోని తీర్పులు చెప్తా ఉండె."

తల వెనక ఈ చెక్క ఎందుకని సారు అడిగాడు. దొరకు టోపీ తీయకుండానే కునుకు తీసే అలవాటు అన్నాడు చిన్నాయన. నా నోట్లో ఉండ అటునుంచి ఇటు దొర్లింది. ఆవిడ వంగి కుర్చీ చేతి మీద ఉన్న గంట్లు చూసి, ఇవేమిటని అడిగింది. చిన్నాయన ఒక్క క్షణం తల వంచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అది దొర పెంచుకున్న వేటకుక్క కొరికిన గుర్తు అన్నాడు. దొర సీమకు ఓడెక్కి పోయిన దినం అది కూడూ నీళ్ళూ మానేసి, ఆయన చెయ్యి పెట్టుకునే చోటనే కొరుకుతూ ఏడ్చిందని చెప్పాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే, ఆ కుక్క లేదని తెలిసి కూడా నాకే దుఃఖం వచ్చింది.

అప్పుడు చూశాను, మెట్టు కింద సెలూన్ తాత నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో మామిడికాయల సంచి. కల్లావి నుంచి పొద్దుటి బస్సుకే వచ్చేశాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు గానీ, ముఖం చూస్తే కుక్క కథ మొత్తం విన్నట్టే ఉంది.

చిన్నాయన కూడా చూశాడు. గబగబా డబ్బాలోంచి ఇంకో ఉండ తీసి తాత చేతిలో పెట్టాడు. తాత దాన్ని తడిమి చూసి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, "నాకు పండ్లు లేవు గదప్పా" అన్నాడు. సంచి నాకిచ్చి, మెల్లగా వచ్చి తన చోటులో, తిన్నె మీద కూర్చున్నాడు.

"దొర సంగతి చెప్తా ఉంటివే, నిలిపేసినావేమప్పా? ఆఖరు ముక్క చెప్పలేదే?"

"ఏం ముక్క తాతా?" అన్నాడు చిన్నాయన నీరసంగా.

తాత ఆవిడ వైపు తిరిగాడు. "ఆయప్ప ప్రాణం పోయింది ఈ కుర్చీలోనేనమ్మా. ఇదో, ఇప్పుడు సారు ఎట్ల కూర్చున్నాడో అట్లే కూర్చోని, తల ఆ చెక్కకు ఆనించినాడు. మళ్ళ ఎత్తలేదు."

సారు కుర్చీలోంచి లేచిన వేగానికి పక్కనున్న సెమ్మె పడిపోయింది. ఆవిడ మాత్రం తెలివైనది. "దొర ఓడెక్కి సీమకు పోయాడన్నారు కదా?" అని చిన్నాయనను అడిగింది. చిన్నాయన నోరు తెరిచేలోపు తాతే అందుకున్నాడు.

"పోయినాడమ్మా. పెట్టెలో."

ఇప్పుడు చిన్నాయన అవస్థ చూడాలి. తాత చెప్పింది అబద్ధం అనాలంటే తను చెప్పిందీ అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బేరం కారెక్కి పోతుంది. సారు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. చిన్నాయన అడ్డంగా పోయి నిలబడి, దొరా లేడు, చావూ లేదు, కుక్క అసలే లేదు, ఇది మా ఊరి సెలూన్ కుర్చీ, ఈ తాతదే అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. నాకు తెలిసి ఆ పంచలో నిలబడి ఆయన చెప్పిన మొదటి నిజం అదే. దాన్ని ఎవరూ నమ్మలేదు.

"చావు కుర్చీ అని తెలిసిపోగానే మాట మారుస్తున్నావా?" అన్నాడు సారు.

"మా అమ్మ మీద ఒట్టు సార్!"

లోపలినుంచి అవ్వ గొంతు ఖంగుమంది. "నా మీద ఒట్టు పెట్టొద్దు రా! నీ ఒట్లకే నా వెంట్రుకలన్నీ రాలిపోయినాయి!"

తాత నవ్వాడు. నవ్వుతూనే లేచి, కుర్చీ దగ్గరికి వచ్చి, చేతి మీది గంట్ల మీద వేలు పెట్టాడు. ఆయనకు చూడాల్సిన అవసరం లేదు.

"ఈడికి రా అప్పా. నోరు తెరువు," అని చిన్నాయనను పిలిచాడు. "చూడమ్మా, ముందర రెండు పండ్ల నడుమ సందు ఉండాది కదా? చెక్క మీద కూడా నడుమ సందు ఉండాది చూడు. మొదటిసారి జుట్టు కత్తిరించేదానికి వాళ్ళ నాయన ఎత్తుకొచ్చినాడు. కత్తెర చూసి ఈ చెయ్యి కొరికి పట్టుకున్నోడు, పని అయ్యేదాకా విడవలేదు. నీ కుక్క ఈయప్పేనమ్మా."

ఆవిడ చెక్క చూసింది. చిన్నాయన నోట్లోకి చూసింది. మళ్ళీ చెక్క చూసింది. ఆ తర్వాత ఆవిడ నవ్వు ఆపలేక మెట్టు మీద కూలబడిపోయింది. నా నోట్లో మిగిలిన ఉండ ఎటు ఎగిరిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నాయన నోరు మూయడం కూడా మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు.

నవ్వులు సద్దుమణిగాక తాత అన్న మాటలు మాత్రం నవ్వుతో అన్నవి కావు. కోపంతో అన్నవీ కావు.

"నా వయసంతా ఈ కుర్చీ వెనకాలే నిలబడినానప్పా. ఈ ఊర్లో పెండ్లికొడుకు ఎవడైనా ముందర దీంట్లో కూర్చోని లేసినాకే పీటల మీద కూర్చున్నాడు. పాలు మరిచిన బిడ్డలు కూర్చున్నారు. కాటికి పోయే ముందర గడ్డం గీయించుకోవాలని మోయించుకోని వచ్చిన ముసలోళ్ళు కూర్చున్నారు. నువ్వు దొరని కూర్చోబెడితివి. సరే, కూర్చోబెట్టు. మరి వాళ్ళందరినీ యాడికి పంపించినావు? నన్ను యాడ నిలబెట్టినావు?"

చిన్నాయన తాత చేతులు పట్టుకున్నాడు. "తప్పు తాతా. ఈ కుర్చీ అమ్మను. నీ ఇంటికే తెచ్చి పెడతా" అన్నాడు. హోసూరు కొట్టు కోసం అంతగా కాచుకున్న మనిషి ఆ మాట అనడం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు. తర్వాత ఆ వ్యాపారం చేసినదాన్ని కాబట్టి ఇప్పుడు తెలుసు.

తాత ఒప్పుకోలేదు. తన గుడిసెలో అది పట్టదన్నాడు. సారును దగ్గరికి పిలిచి, భయం లేదు కూర్చోమన్నాడు. సారు అంచు మీద, లేచి పరుగెత్తడానికి సిద్ధంగా కూర్చున్నాడు. తాత అవ్వను అడిగి కొంచెం కొబ్బరినూనె తెప్పించుకుని, కుర్చీ వెనకకు పోయి, తల చెక్కను సరైన ఎత్తుకు జరిపి, సారు తలకు మర్దన మొదలుపెట్టాడు. తాత చూపు పోయింది గానీ చేతులు పోలేదు. సారు భుజాలు ముందు వదులయ్యాయి. తర్వాత మెడ వాలింది. దొర టోపీతో కునుకు తీశాడో లేదో గానీ, బెంగళూరు సారు మాత్రం మా పంచలో నోరు తెరుచుకుని గురక పెట్టాడు. ఆవిడ లోపలికి వచ్చి మా అవ్వతో కూర్చుని రాగిసంకటి, వంకాయ పులుసు తిన్నది. డ్రైవరు కూడా తిన్నాడు. సారు లేచేసరికి నీడ పంచ దాటిపోయింది.

లేచి ఆయన మొదట అన్న మాట, ఈ కుర్చీ నాకే కావాలి అని. చిన్నాయన తాత ముఖం చూశాడు. తాత తల ఊపి, ఒక్కటే అడిగాడు. ఎవరైనా ఇది ఎవరిదని అడిగితే సూళగిరి సెలూన్‌ది అని చెప్పాలి, అంతే. ఆవిడ తాత చేయి పట్టుకుని చెబుతానన్నది. కుర్చీని కారు మీద తిరగేసి తాళ్ళతో కట్టారు. నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టుకుని అది హోసూరు రోడ్డు పట్టింది. తాత నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకా కనిపిస్తా ఉండాదా పాపా అని అడుగుతూ ఉన్నాడు. వంపు తిరిగింది తాతా అని చెప్పాక, లోపలికి వెళ్ళి కాఫీ అడిగాడు.

చిన్నాయన ఆ రోజుతో మారిపోయాడంటే మీరు నమ్మరు, నమ్మనక్కర్లేదు. కొన్నాళ్ళు నిజాలు చెప్పాలని కంకణం కట్టుకున్నాడు. వస్తువు కొనే ముందు, ఇది ఎవరిది, ఏం చేసేవాళ్ళు అని ఇంటివాళ్ళను అడగడం మొదలుపెట్టాడు. దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. చెబుతూ చెబుతూ ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆఖరున, అమ్మేది లేదు పొమ్మని ఆ వస్తువును మళ్ళీ అటకెక్కించేవాళ్ళు. ఖాళీ సైకిలుతో, కడుపునిండా భోజనంతో తిరిగొచ్చేవాడు. అయినా ఆ కొట్టు పెట్టాడు, కాస్త ఆలస్యంగా. అప్పుడప్పుడు ఒక పాళెగాడు ఆయన నోటినుంచి జారిపడేవాడు. నేను దగ్గితే సర్దుకునేవాడు.

ఆయన పోయాక ఆ కొట్టు నా చేతికి వచ్చింది. ఇప్పుడు మా మనవరాలు ఒక్కొక్క వస్తువును ఫోనులో ఫోటో తీసి అమ్మకానికి పెడుతుంది. కింద వింటేజ్ అని, రాయల్ అని రాయబోతుంది. ఎవరిదే అది అంటాను నేను. గురుబరపల్లిలో ఒక టీచరమ్మ వంట చేస్తూ వార్తలు విన్న రేడియో అయితే అదే రాయిస్తాను. తెలియకపోతే తెలియదనే రాయిస్తాను. తెలియదంటే ఎవరు కొంటారవ్వా అని అది విసుక్కుంటుంది.

మొన్నామధ్య ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి వచ్చాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట, గదిలో కూర్చోవడానికి ఏమీ లేదట. ఒక చెక్క స్టూలు మీద కూర్చుని చూసి, ఇది ఎవరిదని అడిగాడు.

"తెలీదప్పా. ఎవరో బాగా వాడినారు. అంతే తెలుసు."

కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇకనుంచి నాదని చెప్పుకోవచ్చు కదండీ" అన్నాడు.

అతను దాన్ని భుజాన వేసుకుని పోతుంటే ఆపి, పేరేమిటి, ఏ ఊరు, ఏం పని చేస్తున్నావు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఇంత చిన్న స్టూలుకు ఇన్ని ప్రశ్నలా అని అతను నవ్వాడు. ఏం చేయను? ఎన్నేళ్ళకో అది మళ్ళీ మా కొట్టుకే రావచ్చు. అప్పుడు ఎవరిదని అడిగినవాళ్ళకు మా మనవరాలు చెప్పాలి కదా.