పుస్తకం చదివి బేరం మానేసిన పూట

కొత్త నూలుగుడ్డ తడిస్తే కుంచించుకుపోయినంత ఖాయంగా, మంచి పుస్తకం చదివితే మంచివాళ్లమైపోతామని నమ్మిన రోజులవి. కోరుట్లలో మాది బట్టల దుకాణం. జగిత్యాలలో కాలేజీ అయ్యాక గ్రంథాలయం నుంచి నీతి పుస్తకాలు తెచ్చుకునేవాణ్ని. సత్యం గురించిన అధ్యాయం మొదలుపెట్టగానే ఇక అబద్ధమాడకూడదని తీర్మానించుకున్నాను. (ముందురోజు దాకా ‘చీర చినుగుతదేమో గని రంగు పోదు’ అన్న నోరే ఇది.)

పెగడపల్లి నుంచి వచ్చే ఒక పెద్దావిడను మేము సగమత్త అనుకునేవాళ్లం. ఏ ధర చెప్పినా సగానికి అడిగేది. ఆ రోజు కొడుకు పెళ్లికి చుట్టాలకు పెట్టే చీరలు కొనడానికి కాబోయే వియ్యపురాలిని వెంటబెట్టుకొచ్చింది. కోరుట్ల బజారులో తన మాట ఎంత చెల్లుతుందో ఆమెకు చూపించాలని ముచ్చట. నాయిన చాయ్ తాగడానికి పోయాడు. గద్దె మీద నేనూ, నా సత్యమూ.

సిరిసిల్ల చీరల కట్ట విప్పి, మాకు గిట్టే ఆఖరి ధర ముందే చెప్పేశాను.

“సగం చేస్కో కొడుకా.”

“లేదత్తా. అబద్ధం చెప్తలేను. గిదే ఆఖరు. బేరం లేదు.”

“బేరం లేకుంటే నేనెందుకచ్చిన?”

వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “పోనీ తియ్యి వదినా. పిలగానికి నువ్వెవరో ఎర్కలేనట్టుంది.”

సగమత్త ముఖం వాడిపోయింది. చీర చేతిలోంచి జారవిడిచి లేవబోతుంటే నాయిన వచ్చాడు. ఆమె ముఖమొకసారి, నా ముఖమొకసారి చూశాడు.

“కూసో అక్కా. పోరడు తక్కువ చెప్పిండు. గా ధరకు మాకే రావు.”

ఆమె కళ్లు వెలిగాయి. “ఇంకా ఎక్కువనా? నన్ను గిట్ల ముంచుదామనుకున్నవా?”

ఇక చూడాలి. ఆమె రెండుసార్లు మెట్లు దిగింది, నాయిన రెండుసార్లు పిలిచాడు. చివరికి ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ సరిగ్గా నేను చెప్పిన ధర దగ్గరే ఆగారు.

“నీతోని ఏగలేం వదినా,” అంది వియ్యపురాలు, ఈసారి కొంగు అడ్డం లేకుండా.

“చూసి నేర్చుకో కొడుకా,” అని సగమత్త నా భుజం తట్టి, మహారాణిలా మెట్లు దిగింది.

నాయిన చీరలు మడతపెడుతూ అడిగాడు. “పుస్తకంల ఏడిదాంక అచ్చినవ్‌రా?”

“సత్యం కాడ ఉన్న.”

“జర జల్ది దాటు. అవుతల మర్యాద గురించి ఏమన్న ఉంటదేమో సూడు.”

ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. కానీ గిరాకీలు మారిపోయారు. ధర అడిగి, ఫోన్‌లో డబ్బులు కొట్టి, తలెత్తకుండా వెళ్లిపోతున్నారు. నాకే నోరు దురద పెట్టి, “జర తగ్గియ్యమని అడుగరాదా అమ్మా,” అంటున్నాను. బేరం లేదని మొండికేసిన ఆ పోరడు వింటే, నన్ను చూసి, పుస్తకం ముక్క తెలియనివాడని జాలిపడేవాడు.