నాలుగు బూరల క్రిస్మస్ పాట

పోయినేడు పటాన్‌చెరులోని మా చిన్న చర్చి కోసం క్రిస్మస్ పాట ఒకటి నాలుగు వాయిద్యాలకు విడగొట్టి సరిగమల్లో రాశాను. క్లారినెట్‌కు పాట, ట్రంపెట్‌కూ శాక్సొఫోన్‌కూ తోడు స్వరాలు, పెద్ద బూరకు కింది స్వరాలు. నెల రోజులు పట్టింది.

వాయించేది పెళ్లి బ్యాండువాళ్లు. బరాత్ ఊరేగింపులో అందరూ ఒకే పాటను పోటీపడి ఊదడం వాళ్లకు అలవాటు. పెద్ద బూరాయన తన కాగితం చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏంది సార్, దీంట్ల పాటనే లేదు! గింత పెద్ద బూర పట్టుకొని గీ రెండు ముక్కలు ఊదాల్నా? జనం నవ్వరా?"

పండగనాడు మిగతా ముగ్గురూ క్లారినెట్ కాగితాన్నే చూసి రాసుకొచ్చారు; నలుగురూ బరాత్ కులుకులతో సహా పాటే ఊదారు. ఛీ! కిటికీలోంచి రోజూ కొట్టే ఫ్యాక్టరీ కంపుకు రాని వాంతి ఆ పాటకు వచ్చినంత పనైంది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు.

ఈసారి ఆ ఒక్క పాటనే నాలుగు కాగితాల మీద ఎక్కించి, పైన నాలుగు వాయిద్యాల పేర్లు రాసిచ్చాను.

పెద్ద బూరాయన నా భుజం తట్టాడు. "గిప్పుడు మంచిగ నేర్సుకున్నరు సార్."

సిగ్గులేకుండా థాంక్స్ చెప్పాను.