పటం మీది ఎర్ర అంచు

మొన్న మునిసిపాలిటీ గోడకు పట్టణపు కొత్త పటం అంటించారనీ, మా వాడకట్టు నడుమనున్న పడుగుల బయలును అందులో దుకాణాల సముదాయంగా చూపించారనీ తెలియగానే, కుర్రవాళ్లంతా నేరుగా నా దగ్గరికే వచ్చారు. రాక ఎక్కడికి పోతారు? ఆ బయలు మీదుగా రావలసిన వంద అడుగుల రోడ్డును ముప్పై నలభై ఏళ్ల కిందట ఒంటి చేత్తో ఆపినవాణ్ని నేను.

మా తరం వాళ్లకు ఆ బయలు సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారుతూనే ఈ కొస నుంచి ఆ కొసకు పడుగు, అంటే బట్టకు నిలువుగా వచ్చే నూలు పోగులు, సాగదీసి, గంజి పట్టించి, ఇద్దరటు ఇద్దరిటు నిలబడి కుంచెతో దువ్వుతుంటే, ఎండ ముదిరేలోగా నూలు తీగల్లా బిగుసుకునేది. బాపు చేతికంటిన గంజి వాసన అన్నంలో కూడా వస్తుందని అవ్వ రోజూ సణిగేది. ఆ జాగా పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గమే లేదు.

అప్పుడూ ఇలాగే పటం అంటించి, అభ్యంతరాలుంటే చెప్పుకొమ్మని గడువిచ్చారు. చూడబోయిన మాలో ఎవరో తెలివిమంతుడు, పటంలో పొడుగునా ఉన్న ఎర్ర గీతను చూసి, చీరకు వేసినట్టే పటానికీ అంచు వేశారని తేల్చాడు. నేతగాళ్లం కదా, అందరం నమ్మి నిశ్చింతగా మగ్గం గుంటల్లో కూర్చున్నాం. గడువు రెండు రోజులుందనగా మా వదిన, అంటే మా అన్న భార్య, తానే వెళ్లి చూసివచ్చి వాకిట్లో నిలబడి అరిచింది.

"అంచు ఏడనన్న నడుమలకెల్లి పోతదా? గది అంచు గాదు, సడక్! మన బయలు మీదికెల్లే పోతున్నది!"

ఒంటి చేత్తో అన్నది కొంచెం పెంచి చెప్పానులెండి. ఆపింది వాడకట్టంతా కలిసి. ఇంటికొక దరఖాస్తు ఇచ్చాం. కాగితాల్లో ఆ జాగా ఖాళీ అని ఉందట, అందుకని ఆఫీసరు చూడవచ్చే పొద్దున ఇళ్లలోని పడుగులన్నిటినీ వదిన ఒక్కసారే అక్కడ సాగదీయించింది. కాలు పెట్టే సందు లేక ఆయన మొదట్లోనే ఆగిపోయాడు.

"లోపలికి రాకుర్రి సారూ, పోగు తెగుతది. ఖాళీ అన్నరు గద, ఆడికెల్లే సూడుర్రి," అన్నది వదిన.

ఆయన నవ్వలేదు గాని, చాలాసేపు చూసి ఏదో రాసుకుని వెళ్లాడు. తరువాతి పటంలో ఎర్ర గీత ఊరి బయటికి జరిగింది. అన్నిటికంటే ముందున్న పడుగు కొస పట్టుకుని నిలబడింది మాత్రం నేనే.

ఇప్పుడా బయలులో పడుగులు లేవు. పని మరమగ్గాలతో పాటు రేకుల షెడ్లలోకి వెళ్లిపోయింది. మిగిలింది సాయంత్రాల పిల్లల ఆట, పెళ్లిళ్ల షామియానాలు. ఖాళీ కాదని చూపడానికి అప్పుడు నూలుండేది, ఇప్పుడు ఏది పరిచి చూపాలో తెలియదు. అయినా గడువు మిగిలే ఉంది. మళ్లీ ఇంటికొక దరఖాస్తు ఇస్తాం, ఆఫీసరు వస్తే మనుషులమే ఈ కొస నుంచి ఆ కొసకు నిలబడతాం.

ఇంతవరకు రాసి వదినకు చదివి వినిపించాను. ఆమె నా వైపు సూటిగా చూసింది.

"కొస పట్టింది మీ అన్న. నువ్వు సిగ్గుకు ఇంట్లకెల్లి బయటికే రాలే. గా తెలివిమంతుడు ఎవరో గాదు, నువ్వే గద మరిదీ! జర గది గూడ రాయి. రేపు పటం కాడికి నువ్వు పోకు, నేను పోత."