తుపాకి మూతి మీద తులిప్ రేకులు

భర్త పోయినా అపొలోనియా కొలిమి దగ్గర తన చోటు వదల్లేదు. పొడవాటి తుపాకి గొట్టాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, నాలుక కొన పంటికింద నొక్కి, గొట్టం మూతి చుట్టూ ఉలితో తులిప్ పువ్వు రేకులు కొడుతుంది. మా పెన్సిల్వేనియా లోయలోవాళ్లే కాదు, కొండల అవతల వేటగాళ్లు కూడా ఆ రేకులు చూసి ఆమె పనేనని చెప్పేస్తారు. గొట్టం మీద చెక్కే పేరు మాత్రం మరిది హెన్నర్‌ది. అతనికి కంటగింపు కాక ఏమవుతుంది?

"దుకాణం నాది వదినా! ఆ పువ్వులు గీకి పారెయ్."

ఆమె ఆకురాయి తీసి అతని చేతిలోనే పెట్టింది. "నువ్వే గీకు హెన్నరూ. మూతి అంచు వంకరపోతే గుండు ఎటో పోతుంది. గురి తప్పి జింకను పోగొట్టుకున్నవాడు గొట్టం పైనున్న నీ పేరు చదువుకుంటూ తిన్నగా ఇక్కడికే వస్తాడు."

హెన్నర్ మూతిని తిప్పి తిప్పి చూసి, ఆకురాయి బల్ల మీద పెట్టేశాడు.

"పేరు నీదే ఉండనీ," అంటూ ఆమె మళ్లీ ఉలి అందుకుంది. "మూతిలోంచి తుపాకిమందు కూరినప్పుడల్లా వేటగాడి కళ్లముందు ఉండేది ఈ మూతే కదా."