గేషె తొక్కిన గాలి

మొగుణ్ని సముద్రం మింగిన ఏడాది నుంచి, ఫ్రీసియా సీమలో సముద్రపు కరకట్ట వెనక ఉన్న మా ఊరి చర్చిలో, గొట్టాల ఆర్గన్‌కు గాలి తిత్తులు తొక్కుతూ వచ్చింది గేషె. గంటగోపురం పక్క చీకటి గదిలో పెద్ద తోలుతిత్తులు వరసగా ఉండేవి. కాలికింది దూలాన్ని తొక్కితే తిత్తి పైకి లేచేది; మెల్లగా వాలుతూ గాలిని గొట్టాల్లోకి నెట్టేది. అది పూర్తిగా వాలకముందే, కుదుపు లేకుండా, రెండోదాని మీదికి కాలు మార్చాలి. లేకపోతే పాట వణుకుతుంది.

తాతల కాలంలో రైతులు ఎడ్లమ్మి పెట్టించిన తగరపు గొట్టాలు ముందువైపు తళతళలాడుతూ అందరికీ కనిపించేవి. గేషె ఎవరికీ కనిపించేది కాదు. ఆమెకూ ఎవరి మొహమూ చూడాలని ఉండేది కాదు.

బడిలో పాఠాలు చెప్పి ఆదివారాలు ఆర్గన్ వాయించడానికి కొత్తగా వచ్చిన రేమ్ట్ మాస్టారు, కరెంటు మోటారు కావాలని పట్టుబట్టాడు.

"గాలి నిలకడగా రావట్లేదమ్మా. నీ మోకాళ్లు అరిగిపోయాయి."

"నా మోకాళ్లతో నీకేం పని మాస్టారూ? ముందు నీ వేళ్లు సరిగ్గా పడనీ."

"ఈ ఆదివారం సంఘపెద్దలు విని తేలుస్తారు."

"విననీ. వాళ్లలో చెవులున్నవాళ్లెవరో నేనూ చూస్తాను."

కూలిడబ్బులు పోతాయని కాదు ఆమె బెంగ. ఆ గది పోతే, ఊళ్లో తనదనుకునే చోటు మరొకటి లేదు.

వాయించేవాడు పాటకు ముందు తాడు లాగితే, ఇక తొక్కమని తిత్తుల గదిలో చిన్న గంట మోగుతుంది. ఒక్కసారే. పాట నడుమ మోగించడమంటే, నిద్రపోతున్నావా అని పదిమందిలో తిట్టడమే. ఆ ఆదివారం మాస్టారు, గాలి చాలకుండా పోవాలని, గొట్టాలన్నీ తెరిచి పాట మీద పాట అందుకున్నాడు. గేషె రొప్పుతూ తొక్కింది. గాలి ఎక్కడా తగ్గలేదు. అయినా పాట మధ్యలో గంట మోగింది. మళ్లీ మోగింది. కింద ఎవరో కిసుక్కుమన్నారు.

గేషె దూలం దిగింది. తిత్తులు ఒక్కొక్కటే వాలిపోయాయి. ఆర్గన్ ఎద్దులా మూలిగి ఆగిపోయింది.

మాస్టారు ఉరుక్కుంటూ వచ్చాడు. "తొక్కు! ఏం చేస్తున్నావక్కడ?"

"కూర్చున్నా. కనబడట్లా?"

"పెద్దలు వింటున్నారే!"

"అయితే ఇంకోసారి గంట కొట్టు. అదీ వింటారు."

ఆ సాయంత్రం పాస్టరుగారింట్లో, వేడి టీకి కప్పుల్లో కలకండ చిటపటలాడుతుండగా, పెద్దలు మోటారు ఖాయం చేశారు. గంట సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

మోటారు తిరిగిన మొదటి ఆదివారం, మాస్టారు తప్పు వాయిస్తే చెవులారా వినాలని గేషె వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ఆర్గన్‌ను ఎదురుగా విననే లేదు. ఆ గదిలో వినిపించేదల్లా దూలాల కిర్రు, తోలు ఉసూరుమనడం. ఇప్పుడు ఆ గొట్టాల గొంతు నేరుగా వచ్చి గుండెల మీద పడింది.

"ఎలా ఉంది గేషక్కా?" అని పాస్టరుగారి భార్య గుసగుసగా అడిగింది.

"ఇంత బాగుంటుందని ఇన్నేళ్లలో మీలో ఒక్కరైనా నాతో చెప్పి చచ్చారా?" అంది గేషె, చర్చంతా వినబడేలా.