గొట్టంలో మిగిలిన గుండు

మా ఆయన పోయాక, ఇంట్లో ఉన్న ఆయన చెకుముకి రాయి తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పగించేద్దామని, మా మైలాపూరు ఇంట్లో ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాను. మరిది వచ్చి, వేటగాళ్ల అలవాటుగా గొట్టంలోకి కడ్డీ దించి చూశాడు. అది అడుగు తగలకుండా పైనే ఆగిపోయింది.

"వదినా, కదలబాక. లోన మందు, గుండు అట్నే ఉండాయి."

ఇన్నేళ్లూ ఆ తుపాకీ నా మంచం పైనే గోడకు వేలాడింది.

పెళ్లయిన కొత్తలో, ఇంకా మా పల్లెలో ఉన్నప్పుడు, ఆయన ఒక్కడే, ఒకే ఒక్క గుండు కూరుకుని దుప్పి వేటకు పోయి, "పేల్చినా, గురి తప్పింది" అంటూ వట్టి చేతులతో వచ్చాడు. మళ్లీ వేటకు పోలేదు. ఆ మాట పట్టుకుని మరిది ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

"అన్న పేల్చనే లేదే" అన్నాడు ఇప్పుడు, మెల్లగా.

దుప్పిని వదిలేశానని చెప్పడం కన్నా, గురి లేనివాడు అనిపించుకోవడమే ఆయనకు తేలిక అయింది కాబోలు.